ఓటమి దేశానిది, శిక్ష బార్బోజాది

డ్రా చేసుకున్నా చాలు. 1950 జూలై 16, ఆదివారం మధ్యాహ్నం రియో డి జెనీరోలోని మరకనా స్టేడియంలో బ్రెజిల్ జట్టుకు కావలసింది అంతే. ఉరుగ్వే మీద గెలవనక్కరలేదు, ఓడకుండా ఉంటే ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదటిసారి వాళ్ళ చేతికొస్తుంది. టికెట్ కొని లోపలికి వెళ్ళినవాళ్ళే 1,73,850 మంది. పాసుల మీద వచ్చినవాళ్ళనూ, ఎలాగోలా దూరిపోయినవాళ్ళనూ కలుపుకుంటే రెండు లక్షల దాకా ఉంటారని అంచనా. అప్పటి రియో జనాభా పాతిక లక్షలకు లోపే. అంటే నగరంలో దాదాపు పన్నెండు మందికి ఒకరు ఆ మధ్యాహ్నం ఆ గ్యాలరీల్లోనే ఉన్నారు. మిగతావాళ్ళు రేడియోల చుట్టూ చేరారు.

ఆట ముగిసేసరికి ఉరుగ్వే 2, బ్రెజిల్ 1.

ఆ ఓటమికి మరకనాసో అని పేరు పడింది. ఆ తర్వాత బ్రెజిల్ అయిదుసార్లు ప్రపంచకప్ గెలిచింది. ఇంకే దేశమూ అన్నిసార్లు గెలవలేదు. అయినా ఆ ఒక్క మధ్యాహ్నం అక్కడ ఇంకా మాసిపోలేదు. ఒక ఆట పోయినందుకు ఒక దేశం అంతగా ఎందుకు కుంగిపోయింది? ఆ దుఃఖం చివరికి ఎవరి నెత్తిన పడింది? నిదానంగా చూడవలసిన సంగతి ఇది. క్రికెట్‌లో ఓడిన రాత్రి మనమూ ఇలాంటి తీర్పులే చెబుతుంటాం కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అని పక్కన పెట్టేయడానికి వీల్లేదు.

ముందు ఆ టోర్నీ పద్ధతి చెప్పుకోవాలి, లేకపోతే డ్రా సంగతి అర్థం కాదు. ఆ ఏడాది ఫైనల్ అంటూ విడిగా పెట్టలేదు. నాలుగు గ్రూపుల్లో మొదటి స్థానంలో నిలిచిన బ్రెజిల్, ఉరుగ్వే, స్పెయిన్, స్వీడన్ ఒకరితో ఒకరు ఆడాలి. గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. అందరికంటే ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్ళది కప్పు. బ్రెజిల్ స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో చిత్తుచిత్తు చేసింది. ఉరుగ్వే మాత్రం స్పెయిన్‌తో 2-2తో సరిపెట్టుకుని, స్వీడన్ మీద 3-2తో కిందామీదా పడి గట్టెక్కింది. చివరి మ్యాచ్‌కు వచ్చేసరికి బ్రెజిల్‌కు నాలుగు, ఉరుగ్వేకు మూడు పాయింట్లు. అనుకోకుండా అదే ఫైనల్ అయిపోయింది.

ఇక్కడ మనకు సంబంధించిన చిన్న సంగతి ఒకటి ఉంది. స్వీడన్ ఏ గ్రూపు నుంచి పైకి వచ్చిందో, ఇటలీ, పరాగ్వేలతో పాటు భారతదేశం పేరు కూడా ఆ గ్రూపులోనే ఉండేది. అర్హత పోటీల్లో మిగతా జట్లు తప్పుకోవడంతో మనకు చోటు దొరికింది, కానీ మన సమాఖ్య జట్టును పంపలేదు. ఉత్త కాళ్ళతో ఆడనివ్వబోమన్నారు కాబట్టే వెళ్ళలేదన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. సమాఖ్య అప్పట్లో చెప్పిన కారణాలు వేరు: జట్టు ఎంపికలో తేడాలు వచ్చాయనీ, సాధనకు సమయం చాలదనీ. ప్రపంచకప్ విలువ మనవాళ్ళకు అప్పటికి తెలియలేదు. ఒలింపిక్స్ ఒక్కటే పెద్దదిగా కనబడేది.

బ్రెజిల్‌కు తెలుసు. అక్కడ ఆ కప్పు ఆటను మించిన విషయమై కూర్చుంది. యుద్ధంలో నలిగిపోయిన యూరప్‌లో అంత పెద్ద పండగ జరిపే ఓపిక ఎవరికీ లేదు. ఆ సమయంలో బాధ్యత నెత్తికెత్తుకుంది బ్రెజిల్. గెటూలియో వర్గాస్ నియంతృత్వం 1945లో ముగిసి, దేశం మళ్ళీ ఎన్నికల బాట పట్టిన రోజులవి. మేమూ ఆధునిక దేశమే, మాకూ పెద్ద పనులు చేతనవుతాయి అని లోకానికి చూపించాలని వాళ్ళ తపన. అందుకే ప్రపంచంలోకెల్లా పెద్ద స్టేడియం కడతామన్నారు. 1948 ఆగస్టులో పని మొదలుపెట్టారు, 1950 జూన్ 16న ప్రారంభించారు. రెండేళ్ళయినా నిండలేదు. టోర్నీ మొదలయ్యేనాటికి కూడా పరంజాలు పూర్తిగా విప్పలేదు. ఆ డబ్బుతో ఆసుపత్రులు కట్టవచ్చు కదా అని రాజకీయ నాయకుడు కార్లోస్ లసెర్డా వంటివాళ్ళు గట్టిగా వాదించారు. కట్టి తీరాలని కలం పట్టి పోరాడినవాడు క్రీడా పత్రికాధిపతి మారియో ఫిల్యో. ఇప్పుడు ఆ స్టేడియం అధికారిక పేరు ఆయనదే.

అంత ఖర్చుతో, అంత ఆర్భాటంతో కట్టిన చోట ఓడిపోతామన్న ఊహే ఎవరికీ రాలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సంబరాలు ముందే మొదలయ్యాయి. ఓ ముందో అన్న పత్రిక జట్టు ఫోటో వేసి, ప్రపంచ విజేతలు వీళ్ళే అని ఆటకు ముందే అచ్చేసింది. ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దులియో వరేలా ఆ పత్రిక ప్రతులు కొనుక్కొచ్చి, హోటల్ బాత్రూమ్‌లో పరిచి, తోటి ఆటగాళ్ళను వాటి మీద మూత్రం పోయమన్నాడని చెప్పుకుంటారు. మ్యాచ్ మొదలయ్యే ముందు రియో మేయర్ మైకు పట్టుకుని, మరి కాసేపట్లో మీరు విజేతలు కాబోతున్నారు, మీకు సాటి ఎవరూ లేరు అన్న ధోరణిలో తన జట్టును కీర్తించాడు. ఎదురుగా ఉరుగ్వే ఆటగాళ్ళు నిలబడి వింటున్నారు.

అసలు పొరపాటు అంతకు ముందే జరిగిందని నా నమ్మకం. మొదట్లో బ్రెజిల్ జట్టు ఊరికి దూరంగా, జోవా అనే ప్రశాంతమైన చోట బస చేసింది. చివరి మ్యాచ్‌లకు ముందు దాన్ని తెచ్చి నగరం మధ్యలో, వాస్కో ద గామా క్లబ్బు వారి సావ్ జనువారియో మైదానంలో దింపారు. అక్టోబరులో ఎన్నికలు. ఇంకేముంది, వచ్చే నాయకుడు, పోయే నాయకుడు. కరచాలనాలు, ఫోటోలు, ప్రసంగాలు, సంతకాలు. తినేవేళ తిననివ్వలేదు, పడుకునేవేళ పడుకోనివ్వలేదు. ఈ పని చేసినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా తర్వాత దోషుల జాబితాలోకి ఎక్కలేదు.

పోనీ ఉరుగ్వే అనామక జట్టా అంటే అదీ కాదు. 1924, 1928 ఒలింపిక్స్‌లో స్వర్ణం, 1930లో మొట్టమొదటి ప్రపంచకప్ వాళ్ళవే. అంతదాకా ఎందుకు, టోర్నీకి ముందు, 1950 మే నెలలో ఈ రెండు జట్లూ రియో బ్రాంకో కప్ కోసం మూడుసార్లు తలపడ్డాయి. మొదటిది సావ్ పాలోలో 4-3తో ఉరుగ్వే గెలిచింది. మిగతా రెండూ బ్రెజిల్ గెలిచింది గానీ, 3-2తో ఒకటి, 1-0తో ఒకటి. మూడు మ్యాచ్‌ల్లోనూ తేడా ఒక్క గోలే. ఈ లెక్క అందరి కళ్ళ ముందూ ఉంది. 7-1, 6-1 వెలుగులో అది ఎవరికీ ఆనలేదు.

ఇక ఆ రెండు గోల్స్ సంగతి. ఒక మనిషి జీవితం వాటి మీదే తలకిందులైంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చూడాలి.

మొదటి సగంలో ఎవరూ గోల్ చేయలేదు. విరామం తర్వాత రెండో నిమిషంలోనే ఫ్రియాసా గోల్ కొట్టాడు. బ్రెజిల్ 1-0. స్టేడియం ఊగిపోయింది. అప్పుడు వరేలా గోల్ వలలోంచి బంతి తీసి చంకలో పెట్టుకుని, తాపీగా నడుచుకుంటూ వెళ్ళి ఆఫ్‌సైడ్ అని వాదన పెట్టుకున్నాడు. రిఫరీ జార్జ్ రీడర్ ఇంగ్లండ్ మనిషి, వరేలాది స్పానిష్. దుబాసీ కావాలన్నాడు వరేలా. గోల్ రద్దు చేయించడం అతని ఉద్దేశం కాదు, ఆ హోరు కాస్త చల్లారాలి. చల్లారింది. ఆ ఊపులో ఆట సాగి ఉంటే మమ్మల్ని తొక్కేసేవాళ్ళు అని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

66వ నిమిషంలో ఉరుగ్వే కుడివైపు వింగర్ అల్సీదెస్ గిజ్జా, బ్రెజిల్ లెఫ్ట్ బ్యాక్ బిగోడెను దాటుకుని గీత దాకా పరిగెత్తి, బంతిని మధ్యలోకి కొట్టాడు. పరుగున వచ్చిన స్కియాఫినో దాన్ని వలలోకి పంపాడు. 1-1. అయినా కప్పు ఇంకా బ్రెజిల్‌దే. కానీ రెండు లక్షల గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దమే మా కుర్రాళ్ళను భయపెట్టింది అన్నాడు తర్వాత కోచ్ ఫ్లావియో కోస్టా. ఈ మాట నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ధైర్యం ముందుగా సడలింది మైదానంలో కాదు, గ్యాలరీల్లో.

79వ నిమిషంలో మళ్ళీ అదే దారి, అదే గిజ్జా. బిగోడె మళ్ళీ వెనకబడ్డాడు. అతనికి ఆసరాగా రావలసిన జువెనాల్ అందుకోలేదు. గోల్‌కీపర్ మోసీర్ బార్బోజా పదమూడు నిమిషాల క్రితం ఇదే చూశాడు. గిజ్జా గీత దాకా వస్తాడు, మధ్యలోకి కొడతాడు, అక్కడ ఇంకొకడు కాచుకుని ఉంటాడు. ఆ బంతిని మధ్యలోనే అడ్డుకోవాలని దగ్గరి స్తంభం వదిలి అడుగు పక్కకు వేశాడు. గిజ్జా ఆ అడుగు చూశాడు. మధ్యలోకి కొట్టకుండా స్తంభానికీ బార్బోజాకూ నడుమ ఉన్న ఆ కాస్త సందులోంచి నేరుగా గోల్‌లోకి కొట్టాడు. బార్బోజా వెనక్కి దూకాడు. వేళ్ళకు బంతి తగిలిందనీ, బయటికి నెట్టేశాననే అనుకున్నాడనీ, స్టేడియం మూగబోవడంతో అనుమానం వచ్చి, ధైర్యం తెచ్చుకుని వెనక్కి తిరిగి చూస్తే బంతి వలలో ఉందనీ తర్వాత చెప్పాడు.

గోల్‌కీపింగ్ తెలిసినవాళ్ళెవరైనా అతను వేసిన అడుగులో తర్కం ఉందని ఒప్పుకుంటారు. ఎదురుగా ఉన్నవాడు పాత ఎత్తే వేస్తాడనుకున్నాడు, వాడు మార్చాడు. ఆటలో రోజూ జరిగేదే. ముందు ఎవరో బంతి పోగొట్టుకోబట్టి, ఇంకెవరో ఆపలేకపోబట్టి అది అక్కడిదాకా వచ్చింది. పైగా స్వీడన్ మీద ఏడు, స్పెయిన్ మీద ఆరు గోల్స్ కొట్టిన ముందువరుస ఆ రోజు ఒక్క గోల్‌తో ఆగిపోయింది. కానీ ఫోటోలో కనబడేది గోల్‌కీపర్. వల ముందు పడి ఉన్న మనిషి. జనం చూపు అక్కడే ఆగింది.

ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు జూల్ రిమే విజేతల కోసం పోర్చుగీసు భాషలో ప్రసంగం రాసుకుని వచ్చాడు. 1-1 స్కోరు చూసి, కప్పు అందించడానికని గ్యాలరీ నుంచి కిందికి బయల్దేరాడు. మెట్లు దిగి, సొరంగంలాంటి దారి దాటి మైదానంలోకి వచ్చేసరికి అంతా శ్మశాన నిశ్శబ్దం. వరసలు లేవు, గీతం లేదు, వేదిక లేదు. గుంపులో వరేలాను ఎలాగో వెతికి పట్టుకుని, కప్పు చేతిలో పెట్టి, కరచాలనం చేసి వెళ్ళిపోయాడు. ప్రసంగం కాగితం జేబులోనే ఉండిపోయింది.

ఆ రాత్రి వరేలా చేసిన పని చాలామందికి తెలియదు. జట్టుతో సంబరాల్లో కూర్చోలేక బయటికి వెళ్ళి, రియో మద్యం దుకాణాల్లో బ్రెజిల్ జనం మధ్య కూర్చున్నాడు. ఏడుస్తున్నవాళ్ళు అతన్ని గుర్తుపట్టారు. కొడతారేమో అనుకున్నాడు, కొట్టలేదు. కలిసి తాగారు. వీళ్ళకు ఇంత దుఃఖం తెచ్చిపెట్టానా అని అతను చాలాకాలం బాధపడ్డాడు. ఓడినవాళ్ళ కన్నీళ్ళను గెలిచినవాడు అంత దగ్గరగా చూసి, అంత మర్యాద చూపించడం నేను ఇంకెక్కడా వినలేదు.

ఈ కన్నీళ్ళలో తప్పేమీ లేదు. ఒక ఊరు, ఒక దేశం కలిసి ఆశపడినప్పుడు కలిసి ఏడవడమూ ఉంటుంది. సావ్ పాలో రాష్ట్రంలోని బౌరూ పట్టణంలో రేడియో ముందు కూర్చుని దొందీన్యో అనే ఆటగాడు ఏడ్చాడు. అతని తొమ్మిదేళ్ళ కొడుకు అది చూసి, ఏడవకు నాన్నా, నేను నీకు ప్రపంచకప్ గెలిచి పెడతానన్నాడు. ఆ కుర్రాడు పీలే. ఎనిమిదేళ్ళకు మాట నిలబెట్టుకున్నాడు.

చెడింది ఏడుపు దగ్గర కాదు, ఆ తర్వాత. ఎందుకు ఓడాం అన్న ప్రశ్నకు రెండు దార్లున్నాయి. ఒకటి, ఆ వారం రోజుల్లో ఏం జరిగిందో తీరిగ్గా లెక్క తీయడం. రెండు, ఎవరినో ఒకరిని చూపించడం. బ్రెజిల్ రెండోది పట్టింది. తప్పంతా ముగ్గురిదన్నారు: బార్బోజా, బిగోడె, జువెనాల్. ముగ్గురూ నల్లవాళ్ళే. బానిసత్వం రద్దయి అప్పటికి 62 ఏళ్ళే అయింది. పైకి అందరం కలిసిపోయిన జాతి మాది అని చెప్పుకునే సమాజంలో, లోపల దాగున్న మాట ఆ ఓటమితో బయటికొచ్చింది: నల్లవాళ్ళకు నిబ్బరం ఉండదు, గట్టి సమయంలో చేతులెత్తేస్తారు. వరేలా బిగోడెను చెంపదెబ్బ కొట్టాడనీ, బిగోడె తలవంచుకుని ఊరుకున్నాడనీ ఒక కథ పుట్టింది. ఇద్దరూ కాదన్నారు, అయినా కథ ఆగలేదు. బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో నల్లవాళ్ళ చరిత్రను పుస్తకంగా రాసిన మారియో ఫిల్యో, 1964లో దాన్ని మళ్ళీ అచ్చు వేసినప్పుడు ఈ నిందల సంగతినీ అందులో చేర్చాడు.

ఆ వాదన ఎంత డొల్లదో తెలియాలంటే అవతలి జట్టును చూస్తే చాలు. ఆ రోజు మైదానంలో అందరికంటే నిబ్బరంగా నిలబడ్డవాడు వరేలా. అతనూ నల్లవాడే. వాళ్ళ దేశంలో అతని ముద్దుపేరే నల్ల నాయకుడు. అతని పక్కన ఆడిన రోద్రిగెస్ ఆంద్రాదె కూడా నల్లవాడే. ఇంత స్పష్టంగా కళ్ళ ముందున్నదాన్ని చూడకుండా ఉండాలంటే, ముందే ఒక నిర్ణయానికి వచ్చి ఉండాలి.

బార్బోజా అప్పటికి దక్షిణ అమెరికాలో పేరున్న గోల్‌కీపర్. గ్లవ్స్ లేకుండా, ఉత్త చేతులతో బంతి పట్టేవాడు. 1949లో దక్షిణ అమెరికా పోటీల్లో గెలిచిన బ్రెజిల్ జట్టులో ఉన్నాడు. వాస్కో ద గామా క్లబ్బుకు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆడాడు, కప్పులు గెలిపించాడు. దేశం జట్టు తరఫున మాత్రం 1953లో ఒకే ఒక్క మ్యాచ్ దొరికింది. ఆట మానేశాక చాలాకాలం మరకనా క్రీడా ప్రాంగణంలోనే ఉద్యోగం చేశాడు. 1970 ప్రాంతంలో ఒక దుకాణంలో ఒకామె తన కొడుక్కి అతన్ని చూపించి, బ్రెజిల్ మొత్తాన్ని ఏడిపించిన మనిషి ఇతనే అని చెప్పిందట. తన జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకున్న మాట అదేనన్నాడు. 1990లలో జాతీయ జట్టు శిబిరానికి ఆటగాళ్ళను పలకరించడానికి వెళ్తే, అపశకునమని లోపలికి రానివ్వలేదు. బ్రెజిల్ చట్టంలో పెద్ద శిక్ష ముప్పై ఏళ్ళే, నేను యాభై ఏళ్ళుగా అనుభవిస్తున్నాను అని చివరి రోజుల్లో చెప్పుకున్నాడు. 2000 ఏప్రిల్‌లో, 79 ఏళ్ళ వయసులో, చేతిలో పెద్దగా ఏమీ లేకుండా పోయాడు.

అతనితో పాటు అతని వెనక వచ్చినవాళ్ళకూ శిక్ష పడింది. నల్లవాడు గోల్‌కీపర్‌గా పనికిరాడన్న మాట బ్రెజిల్‌లో పాతుకుపోయింది. 1966లో మాంగాకు ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ దక్కింది. మొదటి ఎంపికగా టోర్నీలో దిగిన నల్లజాతి గోల్‌కీపర్‌ను చూడడానికి 2006లో దీదా దాకా ఆగవలసి వచ్చింది. యాభై ఆరేళ్ళు.

ఒక షార్ట్ ఫిల్మ్ గురించి చెప్పకుండా ఉండలేను. 1988లో జార్జి ఫుర్తాదు, ఆనా లూయిజా అజెవెదు కలిసి తీశారు, పేరు బార్బోజా. చిన్నప్పుడు ఆ ఓటమిని చూసిన మనిషి పెద్దయ్యాక కాలంలో వెనక్కి వెళ్ళి, మరకనాలోకి దూరి, బార్బోజాను హెచ్చరించబోతాడు. ఆ కేకకు బార్బోజా ఇటు తిరుగుతాడు, బంతి వలలోకి వెళ్తుంది. ఓటమిని అతని ఒక్కడి మీద మోపిన జనం గురించి ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

మనుషుల మీదే కాదు, బట్టల మీదా కోపం చూపించారు. అప్పటిదాకా బ్రెజిల్ జెర్సీ తెలుపు, నీలం కాలరు. అందులో దేశం ఎక్కడా కనబడటం లేదన్నారు. 1953లో కొర్రెయు ద మన్యా పత్రిక, జెండాలోని నాలుగు రంగులూ వచ్చేలా కొత్త జెర్సీ గీయమని పోటీ పెట్టింది. గెలిచినవాడు ఆల్డీర్ గార్సియా ష్లీ, ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు. ఈనాడు లోకమంతా గుర్తుపట్టే పసుపు జెర్సీ, ఆకుపచ్చ అంచు, నీలం నిక్కరు అతని చేతిలోంచి వచ్చినవే. అతను పుట్టింది ఉరుగ్వే సరిహద్దున, జగ్వరావ్ అనే ఊళ్ళో. ఏటికి ఆవలి గట్టు ఉరుగ్వే. అతను జీవితమంతా ఉరుగ్వే అభిమాని.

పాపం తెల్ల జెర్సీ ఏం చేసింది? 1958లో స్వీడన్‌లో బ్రెజిల్ తొలి ప్రపంచకప్ గెలిచిన ఫైనల్‌లో పసుపు జెర్సీ కూడా లేదు. స్వీడన్‌దీ పసుపే కావడంతో, అప్పటికప్పుడు నీలం జెర్సీలు కొనుక్కుని దిగారు. 5-2తో గెలిచారు. పదిహేడేళ్ళ పీలేవి రెండు గోల్స్. దిది, గారించా, జాల్మా సాంతోస్, పీలే, నిబ్బరం లేదని నింద మోసిన జాతివాళ్ళే కప్పు తెచ్చారు. ఆ టోర్నీ ముందే రచయిత నెల్సన్ రోద్రిగెస్, మారియో ఫిల్యోకు తమ్ముడు, తన దేశస్థులకున్నది వీధికుక్క న్యూనత అని రాశాడు. లోకం ముందు తమను తామే తక్కువ చేసుకునే జబ్బు అది, 1950 దాన్ని బయటపెట్టిందన్నాడు. గోల్‌కీపర్‌ను తిట్టడం మాని తమలోకి చూసుకున్న తొలి గొంతుల్లో అదొకటి.

కాలం గడిచింది. 2014లో ప్రపంచకప్ మళ్ళీ బ్రెజిల్‌కు వచ్చింది. జూలై 8న బెలో హొరిజోంతెలో సెమీఫైనల్. జర్మనీ 7, బ్రెజిల్ 1. అరగంట కాకుండానే అయిదు గోల్స్. అంకెల్లో చూస్తే 1950 కంటే ఘోరం. అయినా జనం స్పందన వేరుగా ఉంది. ఏడ్చారు, ఆటగాళ్ళను ఎగతాళి చేశారు, ఫ్రెడ్‌ను చూసి కేకలు వేశారు. జర్మనీ ఏడో గోల్‌కు మాత్రం గ్యాలరీల్లో బ్రెజిల్ అభిమానులే చప్పట్లు కొట్టారు. కోచ్ స్కొలారి మైకుల ముందు కూర్చుని బాధ్యత నాది అన్నాడు. ఏడుకు ఒకటి అన్న మాట వాళ్ళ నిత్య సంభాషణలో కష్టానికి మారుపేరైంది. ఏ ఒక్కడి బతుకూ నాశనం కాలేదు. ఆశ ఆకాశానికి అంటని చోట పడటమూ అంత లోతుకు ఉండదు. 1950 నాటి బ్రెజిల్‌కు తన మీద తనకు నమ్మకం కుదరలేదు, అందుకే ఆ ఒక్క మ్యాచ్‌లో తన విలువంతా పెట్టింది. 2014 నాటికి అయిదు కప్పులున్నాయి.

మన దగ్గరికి వద్దాం. 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో ఆడిన క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్ మనలో నడివయసు దాటినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జట్టు స్కోరు 98 దగ్గర సచిన్ అవుటయ్యాక 120 వచ్చేసరికి ఎనిమిది మంది పెవిలియన్ చేరారు. సీసాలు విసిరారు, కుర్చీలకు నిప్పు పెట్టారు, రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు. టాస్ గెలిచి ఫీల్డింగ్ ఎంచుకున్న మన హైదరాబాదీ కెప్టెన్ అజహరుద్దీన్‌ను ఏళ్ళ తరబడి నిలదీశారు. 2007లో బంగ్లాదేశ్ చేతిలో ఓడితే రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద పడ్డారు. 2021 అక్టోబరులో పాకిస్తాన్ పది వికెట్ల తేడాతో గెలిచింది. పదకొండు మందీ కలిసి ఓడిన ఆ ఆటకు బాధ్యుడిగా ఫోన్లలో తిట్లు తిన్నది మహమ్మద్ షమీ. అతని మతమే అందుకు కారణమని దాచిపెట్టాల్సిన పని లేదు. బార్బోజాకు జరిగిందీ ఇదే. కోహ్లీ అప్పుడు బహిరంగంగా షమీ పక్షాన నిలబడ్డాడు. 1950లో బార్బోజాకు అంత గట్టిగా అండగా నిలిచిన గొంతు రాలేదు.

2023 క్రికెట్ ప్రపంచకప్‌లో వరసగా పది గెలిచి, నవంబరు 19న అహ్మదాబాద్‌లో పదకొండోది, ఫైనల్, ఓడాం. సిరాజ్ మైదానంలో ఏడుస్తుంటే హైదరాబాద్‌లోనే కాదు, ఎన్నో ఊళ్ళలో ఇళ్ళలో కళ్ళు తుడుచుకున్నారు. అంత పెద్ద ఓటమిలోనూ జట్టు మీద అభిమానమే ఎక్కువ కనబడింది. మనకు చేతకాని పని కాదన్నమాట.

గిజ్జా ఒక సంగతి చెప్పేవాడు. ముసలితనంలో ఒకసారి బ్రెజిల్ వెళ్తే, విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసిన అమ్మాయి, ఆ గిజ్జా మీరేనా అని అడిగిందట. అదెప్పుడో జరిగింది కదమ్మా అంటే, మాకు ఇప్పటికీ గుండెలో తగులుతూనే ఉంటుంది అందట. ఆ మ్యాచ్ నాటికి ఆమె పుట్టనే లేదు. 2009లో మరకనా వాళ్ళు తమను ఓడించిన ఆ గిజ్జాను పిలిచి సత్కరించారు, అక్కడి ప్రముఖుల వరసలో అతని పాదముద్ర వేయించారు. అతను 2015 జూలై 16న, సరిగ్గా అరవై అయిదేళ్ళకు కన్నుమూశాడు. శత్రువును క్షమించడం బ్రెజిల్‌కు తేలికైంది. సొంత గోల్‌కీపర్‌కు ఆ మర్యాద బతికుండగా దక్కలేదు.

మన జట్టు రేపు మళ్ళీ ఓడుతుంది. గెలిచే జట్లన్నీ ఓడతాయి. ఆ రాత్రి ఒక్క క్యాచ్, ఒక్క నోబాల్, ఒక్క మనిషి ముఖం పట్టుకుని ఒక క్లిప్ మీ ఫోనుకు వస్తుంది. దయచేసి దాన్ని ఇంకొకరికి పంపకండి.